నీటిని తోడి దింపిన పునాదిని నీటిని పంపి తీయవచ్చా?

కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "సముద్రంలో కొన్ని పునాదులను సమ్మెటతో కొట్టకుండా, ఉక్కు గొట్టంలోని నీటిని పంపుతో తోడి దింపుతారని, పని ముగిశాక అదే గొట్టంలోకి నీటిని పంపి పైకి తీస్తారని చదివాను. మన గోదావరి పాయల ఎదుట సముద్రం అడుగున ఉన్న మెత్తని బురదలో ఈ పద్ధతి పనిచేస్తుందా? పనిచేస్తే, దింపినంత సులువుగానే తీయవచ్చు కదా?"

మీరు చెప్పిన ఈ గొట్టపు పునాదిని సక్షన్ పైల్ అంటారు. మొదటి ప్రశ్నకు జవాబు అవును. మన తీరం ఎదుట లోతు నీటిలో పరచుకొని ఉన్న మెత్తని బంకమట్టి ఈ పద్ధతికి చాలా అనువైన నేల. రెండవ ప్రశ్న దగ్గర మాత్రం మీరే కాదు, ఈ పనిలో ఏళ్లు గడిపినవారు కూడా పొరబడడం నేను చూశాను. గొట్టం అదే, పంపు అదే, నేల కూడా అదే అయినా, దింపిన రోజున గొట్టం గోడను తాకిన మట్టి వేరు, తీసే రోజున దానిని పట్టుకొని ఉండే మట్టి వేరు. నేను కోనసీమలో పుట్టి పెరిగి, ఇరవై ఏడేళ్లు సముద్రపు మట్టి పరీక్షల్లోనూ ఇటువంటి పునాదుల పనుల్లోనూ గడిపినవాడిని. అందుచేత లెక్కతో పాటు చూసినది కూడా చెబుతాను.

కోనసీమవారికి ఈ పనిలో సగం చిన్నప్పుడే తెలిసి ఉంటుంది. ఇసుక నేలలో వరల బావి దింపేటప్పుడు మొదటి వరను నేల మీద నిలబెట్టి, మనిషి లోపలికి దిగి, వర అంచు కింద మట్టిని చుట్టూ సమానంగా తీస్తూ పోతాడు. వర తన బరువుతో తానే దిగుతుంది, దాని మీద మరొక వర ఎక్కిస్తారు. ఒక పక్కన ఎక్కువ తవ్వితే వర వాలిపోతుంది, వాలిన వరను సరిచేయడం కొత్త బావి తవ్వడం కంటే కష్టం. నదుల మీద వంతెనల స్తంభాలకు వేసే బావి పునాదులు కూడా ఇదే పనికి పెద్ద రూపం. అక్కడ మనిషి చేతికి బదులు గ్రాబ్ బకెట్ మట్టిని తోడుతుంది, బరువు చాలకపోతే పైన దిమ్మలు పేరుస్తారు.

సక్షన్ పైల్ ఈ బావికి ఒక విధంగా తలకిందులైన రూపం. ఇందులో పైన గట్టి మూత ఉంటుంది, కింద నోరు తెరిచి ఉంటుంది, బోర్లించిన చెంబులాగ. లోపలి మట్టిని ఎవరూ తవ్వరు. గొట్టం దిగుతూ ఉంటే మట్టి ఉన్నచోటనే ఉండి గొట్టం లోపలికి చేరుతుంది. మొదట మూతలోని పెద్ద కిటికీలను తెరిచి ఉంచి క్రేనుతో నెమ్మదిగా సముద్రపు అడుగుకు దింపుతారు, తన బరువుకు ఎంత దిగగలదో అంత దిగనిస్తారు, అక్కడ ఆగిన తరువాత కిటికీలు మూసి, నీటి అడుగున పనిచేసే రోబో చేత పంపును మూతకు తగిలించి లోపలి నీటిని బయటికి తోడిస్తారు. లోపల పీడనం తగ్గగానే బయటి సముద్రం మూతను కిందికి నొక్కుతుంది. "సక్షన్" అన్న పేరు ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. పునాదిని కిందికి పీల్చేది ఏదీ లేదు, పైన ఉన్న నీరే దానిని తొక్కుతుంది.

ఆ తొక్కుడు ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఏ ఒక్క ప్రాజెక్టుదీ కాదు, లోతు నీటి బంకమట్టికి సరిపోయేలా నేను తీసుకున్న అంకెలు. గొట్టం వ్యాసం 5 మీటర్లు, పొడవు 20 మీటర్లు, గోడ మందం 30 మిల్లీమీటర్లు. నీటిలో దాని బరువు సుమారు 80 టన్నులు. మట్టి కోత బలం, అంటే షియర్ స్ట్రెంగ్త్, సముద్రపు అడుగున 2 కిలోపాస్కల్, ఆపైన లోతుకు మీటరుకు 1.3 చొప్పున పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర అది 28, సగటు 15 అవుతుంది. పోలికకు చెప్పాలంటే పైపొర మన మాగాణిలో దమ్ము చేసిన అడుసు కంటే పెద్దగా గట్టిది కాదు.

గొట్టం దిగుతూ మట్టిని కలచివేస్తుంది కనుక గోడకు అంటిన సన్నని పొర తన అసలు బలంలో ఇంచుమించు మూడో వంతునే చూపుతుంది. గోడకు లోపల, బయట కలిపి 628 చదరపు మీటర్లు మట్టి తగులుతుంది. బలంలో 0.3 వంతు పనిచేస్తుందనుకుంటే రాపిడి, కొన దగ్గరి నిరోధం కలిసి సుమారు 300 టన్నులు. తన బరువుతోనే గొట్టం దాదాపు తొమ్మిదిన్నర మీటర్లు దిగిపోతుంది. చివరి మీటరుకు కావలసిన మిగతా 220 టన్నులను నీటి పీడనం ఇవ్వాలి. మూత వైశాల్యం 19.6 చదరపు మీటర్లు కనుక 1.1 బార్ తేడా చాలు, అంటే 11 మీటర్ల ఎత్తు నీటి బరువు. వెయ్యి మీటర్ల లోతులో బయట 100 బార్ల పీడనం ఉంటుంది, కానీ పంపు దానితో పోరాడనక్కరలేదు, లోపలికి బయటికి మధ్య ఈ చిన్న తేడాను నిలబెడితే చాలు. 200 టన్నులకు పైగా బరువుతో నొక్కే పనిని చిన్న పంపు ఒకటి చేస్తుంది. నీటి అడుగున పెద్ద సమ్మెట లేదు, ఆ మోత లేదు. మడ అడవుల ఎదుట హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంలో ఈ నిశ్శబ్దం చిన్న విషయం కాదు.

తక్కువ లోతు నీటిలో సంగతి ఇంత సులువు కాదు. 10 మీటర్ల నీటిలో గాలి పీడనాన్ని కలుపుకున్నా మొత్తం 2 బార్లే ఉంటుంది. అంతకు చేరువగా తోడితే పంపు లోపల నీరు ఆవిరి బుడగలుగా విడిపోయి పంపు తోడడం మానేస్తుంది. కాబట్టి తీరం దగ్గర బకెట్లు అనే పొట్టి, వెడల్పు సక్షన్ పైళ్లు సాధ్యమవుతాయి కానీ 20 మీటర్ల పొడవు గొట్టాలు సాధారణంగా సాధ్యం కావు.

ఇసుకలో ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల నోళ్ల దగ్గర, తీరం వెంబడి లోతు తక్కువగా ఉన్నచోట బంకమట్టితో పాటు ఇసుక పొరలు కూడా ఎదురవుతాయి. గట్టి ఇసుకలో గొట్టం కొన దగ్గర నిరోధం చాలా ఎక్కువ. కేవలం పీడనం తేడాతో నొక్కితే దిగదు. దానిని దింపేది ఊట. లోపల నీరు తోడితే బయటి నీరు గొట్టం కొన కిందుగా తిరిగి లోపలి ఇసుకలోంచి పైకి ఊరుతుంది, ఆ ఊట ఇసుక రేణువుల బరువును మోస్తుంది, రేణువులు ఒకదాన్నొకటి నొక్కడం తగ్గుతుంది, కొన దగ్గర ఇసుక వదులై గొట్టం జారుతుంది. అయితే దీనికి హద్దు ఉంది. వరదల్లో ఏటిగట్టు కాపలా కాసినవారికి ఆ హద్దు వేరే చెప్పనక్కరలేదు. గట్టుకు ఇవతల, పొలం వైపున, నీరు ఇసుకతో కలిసి ఉడుకుతున్నట్లు పైకి వస్తే అది బుంగ. ఇసుక మూటలతో దాని చుట్టూ గట్టు కట్టి లోపల నీటి మట్టం పెంచకపోతే అది గండి అవుతుంది. 1986 ఆగస్టు వరదను చూసినవారు ఈ సంగతి మరచిపోరు. సక్షన్ బకెట్‌లో తొందరపడి తోడితే లోపల పడేది అదే బుంగ. ఒకసారి నీటికి దారి దొరికితే పంపు ఎంత తోడినా తేడా నిలవదు, పునాది దిగదు, లోపలి ఇసుక వదులైపోయి తరువాత మోయవలసిన భారాన్ని కూడా సరిగా మోయదు. వరల బావిలో నీటిని ఒక్కసారిగా తోడితే అడుగు నుంచి ఇసుక పొంగి వచ్చి చుట్టుపక్కల నేల కుంగడం కూడా ఇదే.

ఇసుకలో ఈ పద్ధతి నిలబడుతుందని చూపిన తొలి పెద్ద కట్టడం నార్వే జలాల్లోని డ్రాప్నర్-ఇ వేదిక. 1994లో సుమారు 70 మీటర్ల నీటిలో, గట్టి ఇసుక మీద, 12 మీటర్ల వ్యాసం, 6 మీటర్ల లోతు ఉన్న బకెట్ల మీద దానిని నిలిపారు. కొద్ది నెలలకే, 1995 జనవరి 1న, ఆ వేదిక మీది పరికరమే 25.6 మీటర్ల ఎత్తు అలను నమోదు చేసింది. సముద్రశాస్త్రవేత్తలు ఆ అల కోసం డ్రాప్నర్ పేరు తలుస్తారు, మా వృత్తివారు దాని కింది బకెట్ల కోసం తలుస్తారు. ఈ పద్ధతిలో అనుభవం ఇంకా ముందుది. 1980ల మొదట్లోనే డెన్మార్క్ జలాల్లోని గోర్మ్ చమురు క్షేత్రంలో పన్నెండు సక్షన్ పైళ్లను లంగర్లుగా దింపారు. 1995లో 303 మీటర్ల నీటిలో నిలిపిన ట్రోల్-ఎ కాంక్రీటు వేదిక గోడలు మెత్తని బంకమట్టిలోకి 36 మీటర్లు దిగాయి.

మన వైపు చూస్తే, గోదావరి ఎదుట ఖండపు అంచు ఇరుకైనది. పడవ ఎంతో దూరం పోకముందే లోతు వందల మీటర్లకు జారిపోతుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఒక పక్క 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం వంటి తక్కువ లోతు వేదికలున్నాయి. అక్కడ వేదికను మోసే ఉక్కు చట్రం, అంటే జాకెట్, కాళ్లను సమ్మెటతో కొట్టిన పైళ్లు పట్టి ఉంచుతాయి. మరో పక్క 2009లో వాయువు ఇవ్వడం మొదలుపెట్టిన కేజీ-డి6, 2020 డిసెంబరులో రెండు వేల మీటర్లకు మించిన లోతులో మొదలైన ఆర్-క్లస్టర్, 2024 జనవరిలో తొలి చమురు ఇచ్చిన 98/2 వంటి లోతు నీటి క్షేత్రాలు ఉన్నాయి. అంత లోతులో నేల మీద కాళ్లు మోపే వేదిక ఉండదు. నీటి అడుగున బావి తలలు, గొట్టాల కూడళ్లు, పైన తేలే ఓడ, దానిని పట్టి ఉంచే లంగర్లు ఉంటాయి. ప్రపంచమంతటా అటువంటి లంగర్లకు, కూడళ్లకు సక్షన్ పైల్ మామూలుగా వాడేదే.

దక్కను నల్లరేగడి కొట్టుకొచ్చి పేరుకున్న ఈ అడుగుమట్టిలో స్మెక్టైట్ జాతి బంక ఎక్కువ. నీటిని బాగా పట్టుకుంటుంది, కలిపితే జారుతుంది, కదల్చకుండా వదిలేస్తే మళ్లీ బిగుస్తుంది. ఈ చివరి లక్షణమే మీ రెండవ ప్రశ్నకు మూలం కనుక దాని దగ్గరకు వస్తాను. దానికి ముందు ఒక జాగ్రత్త. ఈ బేసిన్‌లో మట్టి రంధ్రాల్లో వాయువు కూడా ఉంటుంది. 2006లో జోయిడ్స్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక మన తీరం ఎదుట గ్యాస్ హైడ్రేట్ల (వాయువు చిక్కుకున్న మంచులాంటి గడ్డల) కోసం బోర్లు వేసినప్పుడు ఒకచోట సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర దొరికింది. లోతు నుంచి నమూనా పైకి వచ్చే కొద్దీ అందులో కరిగి ఉన్న వాయువు బుడగలై మట్టిని ఉబ్బిస్తుంది, ప్రయోగశాలకు చేరేసరికి ఆ మట్టి అసలు బలాన్ని చూపదు. అందుచేత ఇక్కడ ప్రయోగశాల అంకెల మీదనే ఆధారపడి పునాది లెక్కించడం నాకు సమ్మతం కాదు. సముద్రం అడుగుననే కోన్, టి-బార్ అనే కొలత పరికరాలను మట్టిలోకి నెట్టి కొలిచిన అంకెలు చేతిలో ఉండాలి.

ఇప్పుడు తీయడం సంగతి. అడుసులో దిగబడిన కాలిని నేరుగా పైకి లాగితే రాదు, చెప్పే ఊడిపోతుంది. మడమను ఒక పక్కకు వాల్చి నీటికి కొంచెం సందు ఇస్తే వస్తుంది. పడవవాడు బురదలో నిలిచిపోయిన గెడను లాగే ముందు మెలితిప్పుతాడు. పాదం కింద ఖాళీ ఏర్పడాలంటే అక్కడికి నీరు చేరాలి, బంకమట్టి నీటిని త్వరగా చేరనివ్వదు, అదే పట్టు. సముద్రం అడుగున పరచిన ఉక్కు పలకల పునాదులను, మడ్‌మ్యాట్లను, తీసేటప్పుడు కూడా ఒక అంచు నుంచి లాగడం, పలకలో ముందే రంధ్రాలు ఉంచడం వంటి ఉపాయాలకు మూలం ఇదే. సక్షన్ పైల్‌లో నీటిని మనమే మూత కిందికి పంపుతాము కనుక ఆ బాధ తప్పుతుంది. అయితే దాని స్థానంలో మరొక బాధ వస్తుంది.

దింపిన రోజున గోడ పక్కన కలతపడిన పొర మూడో వంతు బలంతో ఉందని చెప్పాను. ఆ రోజు నుంచే రెండు పనులు మొదలవుతాయి. బంకమట్టి రేణువులు కదలిక లేక తిరిగి అమరుకుంటాయి, గొట్టం దిగినప్పుడు మట్టిలో పెరిగిన నీటి పీడనం నెమ్మదిగా చుట్టుపక్కలకు పోయి మట్టి బిగుస్తుంది. వారాలు, నెలలు గడిచే కొద్దీ గోడ మీద పట్టు రెట్టింపు దాటుతుంది. లంగరుగా పనిచేయడానికి మనం కోరుకునేది ఆ పట్టునే. తీయవలసిన రోజున అదే ఎదురు నిలుస్తుంది.

పై ఉదాహరణనే తీసుకుందాం. ఒక ఏడాది తరువాత మట్టి బలంలో 0.7 వంతు గోడకు పట్టిందనుకుంటే లోపల, బయట కలిపి రాపిడి 660 టన్నులు, గొట్టం బరువుతో కలిపి 740. క్రేను 150 టన్నులు మోస్తే మిగిలిన 590 టన్నులను మూత కింద పంపిన నీరు మోయాలి. అంటే 3 బార్ల పీడనం. దింపడానికి 1.1, తీయడానికి 3. పంపు 3 బార్లు ఇవ్వగలదా అన్నది సమస్య కాదు, ఇవ్వగలదు. లోపలి మట్టి దిమ్మ దానిని భరించగలదా అన్నది సమస్య. పంపిన నీరు మూతను పైకి తోసినంత బలంగానే మట్టి దిమ్మను కిందికి తోస్తుంది. అడుగు నేల మోసే బలం, లోపలి గోడ రాపిడి కలిపితే ఈ గొట్టానికి సుమారు 4.2 బార్లు వస్తుంది. భద్రత కోసం దానిని ఒకటిన్నరతో భాగిస్తే మనం నమ్మదగినది 2.8. కావలసినది 3. అంటే 1.1 బార్‌తో హాయిగా దిగిన పునాది ఏడాది తరువాత భద్రమైన హద్దులో పైకి రాదు. అదే 250 టన్నుల క్రేను తెచ్చుకుంటే కావలసిన పీడనం 2.5కు తగ్గి పని జరుగుతుంది. దింపిన మూడు నాలుగు రోజులకే తీయవలసి వస్తే, పట్టు ఇంకా 0.4 దగ్గరే ఉంటే, చిన్న క్రేనుతోనే 1.6 బార్ల దగ్గర లేచి వస్తుంది. వాలిపోయిన పైల్‌ను లేపి మళ్లీ దింపాలనుకుంటే అదే రోజు నిర్ణయించాలని పాతవారు పట్టుబట్టేది ఇందుకే. లంగరు పైల్‌కు 5 డిగ్రీల వాలు సాధారణంగా ఒప్పుకునే హద్దు. ఆరు డిగ్రీలు వచ్చినప్పుడు "రేపు చూద్దాం" అనడం తప్పు.

హద్దు దాటితే ఏమవుతుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను. తూర్పు తీరంలోనే, సుమారు 45 మీటర్ల నీటిలో, పని ఓడను పట్టి ఉంచడానికి నాలుగు తాత్కాలిక సక్షన్ లంగర్లు దింపాము. ఆరు వారాల్లో తీసేయాలన్నది ఒప్పందం, లెక్కలన్నీ ఆరు వారాలకే చేశారు. ఓడ ఆలస్యం కావడం, తుపాను కాలం రావడం, గుత్తేదారుకీ యజమానికీ మధ్య డబ్బు తగాదా కలిసి తొమ్మిది నెలలయ్యాయి. వెళ్లి చూస్తే మొదటి లంగరు మీద పంపు తగిలించే రంధ్రం నిండా గవ్వపురుగులు గట్టిగా పెరిగి ఉన్నాయి. వాటిని గీకడానికే ఒకటిన్నర రోజు పట్టింది. ఆ రంధ్రానికి ఒక రబ్బరు మూత పెట్టి ఉంటే సరిపోయేది, కానీ లంగరు డ్రాయింగులో ఎవరూ ఆ మూతను గీయలేదు. తరువాత నీరు పంపగా పీడనం లెక్కలో ఉన్నదాన్ని దాటి పెరిగింది, గొట్టం కదలలేదు. పైనుంచి ఇంకా పెంచమన్నారు. పెంచారు. ఒక్కసారిగా పీడనం పడిపోయింది, కెమెరాలో గొట్టం పక్క నుంచి బురద మబ్బులాగ లేచింది. మట్టి చీలి గోడ వెంబడి నీటికి దారి దొరికింది. ఆ తరువాత ఎంత పంపినా నీరు ఆ దారినే పోయింది.

మిగతా మూడింటికి పద్ధతి మార్చాము. పీడనాన్ని హద్దులో సగానికి ఉంచి, క్రేను లాగుడును కూడా మితంగా ఉంచి, రాత్రంతా అలాగే పట్టి ఉంచాము. బంకమట్టి అర నిమిషం గుంజుడుకు లొంగదు, గంటల తరబడి నిలిచిన లాగుడుకు లొంగుతుంది. తెల్లవారేసరికి రెండవ లంగరు జానెడు లేచింది. కదలిక మొదలైన తరువాత గోడ పక్కని మట్టి మళ్లీ కలతపడి బలం కోల్పోతుంది, మట్టిలో ఉన్న పొడవు కూడా తగ్గుతూ ఉంటుంది, కాబట్టి మధ్యాహ్నానికి మొత్తం బయటికి వచ్చింది. మొదటిది మాత్రం రాలేదు. చివరికి దానిని నేల మట్టానికి కింద కోయించి వదిలేశారు.

లేచి వచ్చిన తరువాత కూడా నిశ్చింత లేదు. కొన నేల మట్టానికి రెండు మూడు మీటర్ల దూరంలోకి రాగానే పంపిన నీరు కింద నుంచి బయటికి కారిపోతుంది, ఆ చివరి భాగం క్రేను ఒక్కటే మోయాలి. ఆ క్షణాన లోపలి మట్టి దిమ్మ జారకుండా గొట్టంతో పాటే వస్తే ఏమవుతుందో చూడండి. మన ఉదాహరణలోని గొట్టం నిండా ఉన్న మట్టి బరువు నీటిలోనే 200 టన్నులు దాటుతుంది, నీటి పైకి వస్తే 600 టన్నులు దాటుతుంది. 150 టన్నులకు అమర్చిన క్రేను మీద ఇది పడకూడదు. అందుకే నీటిని పంపుతూనే లేపాలి, గొట్టం లేచిన ప్రతి మీటరుకూ లోపలికి చేరిన నీటి పరిమాణం సరిపోతున్నదో లేదో కొలుస్తూ పోవాలి. నీరు తక్కువగా చేరుతూ గొట్టం లేస్తున్నదంటే మట్టి కూడా వెంట వస్తున్నదని అర్థం. అప్పుడు ఆగి, నేలకు కొంచెం పైన గొట్టాన్ని వేలాడదీసి నీటి పీడనంతో దిమ్మను వదిలించాలి. దింపేటప్పుడు ఇదే కొలత తలకిందులుగా పనికొస్తుంది. తోడిన నీటి కంటే గొట్టం దిగింది తక్కువైతే లోపల మట్టి ఉబ్బుతున్నదని అర్థం.

సమ్మెటతో కొట్టిన పైళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటిని ఎవరూ పూర్తిగా పైకి లాగరు. పైల్ లోపలి మట్టిని నీటి ధారతో తోడి, లోపలి నుంచి ఇసుక కలిపిన అధిక పీడన నీటితో గానీ, బయట తవ్వి వజ్రపు తీగ రంపంతో గానీ, నేల మట్టానికి కొన్ని మీటర్ల కింద కోస్తారు. ఇందులో వచ్చే చిక్కు ఎప్పుడూ ఒకటే. కోత పూర్తయిందని పైన అనుకుంటారు, కింద అరచేయి వెడల్పు ఉక్కు మిగిలి ఉంటుంది, క్రేను లాగినప్పుడు తెలుస్తుంది. ఎంత లోతున కోయాలన్నది కాగితం మీది నియమం మాత్రమే కాదు. ఉప్పాడ నుంచి అంతర్వేది వరకు వల లాగే మనిషికి నేల పైకి పొడుచుకు వచ్చిన ఒక్క ఉక్కు ముక్క వలనూ ఆ రోజు వేటనూ పోగొడుతుంది. అలలు, ప్రవాహాలు మట్టిని కోసే చోట ఈనాటి నేల మట్టం పదేళ్ల తరువాతి నేల మట్టం కాదు.

నియమాల సంగతి అడగలేదు కానీ ఒక్కటి తెలుసుకోవాలి. అంతర్జాతీయ సముద్ర సంస్థ 1989లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 75 మీటర్ల లోపు నీటిలో నిలిచి, పైభాగం కాక 4,000 టన్నుల లోపు బరువున్న కట్టడాలను పూర్తిగా తొలగించాలి. 1998 జనవరి 1 తరువాత నిలిపినవాటికి ఆ లోతు 100 మీటర్లు. ఆ తేదీ తరువాత నిలిపే ఏ కట్టడమైనా పూర్తిగా తొలగించడానికి వీలయ్యేలా రూపొందించాలని కూడా అందులోనే ఉంది. నా అనుభవంలో ఈ చివరి వాక్యానికి దక్కే గౌరవం చాలా తక్కువ. రూపకల్పన నివేదికలో "నీటిని పంపి తొలగించవచ్చు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోతారు, 1.1 పక్కన 3 అన్న అంకెను వేయరు. నన్ను సమీక్షకు పిలిస్తే నేను ముందుగా తిప్పేది ఆ పేజీయే. పదేళ్ల తరువాతి పట్టుకు లెక్క కట్టారా, మూత మాత్రమే కాక గోడ పైభాగం కూడా లోపలి నుంచి వచ్చే ఆ పీడనానికి తగిన మందంలో ఉందా, లాగే కొక్కేలను దింపే రోజు బరువుకు కాక తీసే రోజు బరువుకు అమర్చారా, రంధ్రాలకు తొడుగులు గీశారా అని చూస్తాను. ఉక్కు ఖర్చు కొంత పెరుగుతుంది. సముద్రం మీద పెద్ద క్రేను ఓడ ఒక్క రోజు ఊరకే నిలిస్తే అయ్యే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

మీరు చివరి సంవత్సరపు ప్రాజెక్టుకు దీనిని తీసుకోవాలనుకుంటే పంపు కూడా అక్కరలేని ప్రయోగం ఒకటి చెబుతాను. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో రొయ్యల చెరువు అడుగు మట్టిని రాళ్లు లేకుండా కలిపి పోయండి, పైన జానెడు నీరు నిలపండి, పది పదిహేను రోజులు కదల్చకుండా ఉంచండి. డ్రమ్ము ఎత్తైన బల్ల మీద ఉండాలి. 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం అర మీటరు ముక్కలు నాలుగు తీసుకొని, ఒక్కొక్క దానికి పైన మూత బిగించి, మూతకు పారదర్శకమైన సన్న గొట్టం తగిలించండి. గొట్టాన్ని నిలువుగా పట్టి తన బరువుకు దిగినంత దిగనివ్వండి. ఆపైన సన్న గొట్టం నిండా నీరు నింపి దాని కొసను డ్రమ్ములోని నీటి మట్టం కంటే కిందికి వేలాడదీస్తే సైఫన్ పారుతుంది, పీవీసీ గొట్టం మీ కళ్ల ముందే దిగుతుంది. కొసను ఎంత దించితే కదిలిందో ఆ ఎత్తు తేడాయే మీరు వాడిన పీడనం. తీసేటప్పుడు ఆ కొసకు గరాటు పెట్టి, నీరు పోస్తూ, నీటి మట్టానికి పైకి ఎత్తుతూ పోండి. ఒక గొట్టాన్ని అదే గంటలో, ఒకదాన్ని మరునాడు, ఒకదాన్ని వారానికి, చివరిదాన్ని నెలకు తీసి నాలుగు ఎత్తులనూ రాసుకోండి. గొట్టాల మధ్య కనీసం రెండు వ్యాసాల దూరం ఉంచండి. మూతకు గాలి పోయే రెండో రంధ్రం, దానికి ఒక బిరడా తప్పకుండా పెట్టండి, లేకపోతే గొట్టం నీటిలో దిగేటప్పుడే లోపల గాలి చిక్కుకొని మీ కొలతలన్నీ తప్పుతాయి.